టక్ అన్న తలుపు

ఆ పెట్టెకు తాళ్ళు కట్టి నలుగురు మనుషులు రెండో అంతస్తుకు మోసుకొస్తుంటే, దారి పొడుగునా గుమ్మాలు తెరుచుకున్నాయి. మనిషెత్తు ఫ్రిజ్. ఇప్పటివాటిలా గోడలోంచి కోసుకొచ్చిన పలకలా ఉండదు. గుండ్రటి భుజాలు, కాస్త ముందుకొచ్చిన పొట్ట, తలుపుకు జానెడు లోహపు పిడి. ఒకప్పుడు మీగడ రంగు. ఇప్పుడు పాదాల దగ్గర తుప్పు, నడుం చుట్టూ గీతలు, నెత్తిన పావురాల గుర్తులు. మోసేవాళ్ళలో పెద్దవాడు మెట్ల మలుపులో దాన్ని దించి, నడుం పట్టుకుని, "లోపల ఎవరైనా ఉండిపోయారా అమ్మా?" అన్నాడు.

స్టోరమ్మ నవ్వలేదు. "తలుపు మీదికి వాల్చకండి. గడియ దెబ్బతింటుంది," అంది.

"మా నడుములు విరుగుతుంటే మీకు గడియ బెంగా."

"నడుముకు మందుంది నా దగ్గర. గడియకు లేదు."

స్టోరమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఒకటుంది. పింఛను కాగితాల మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. ఆస్పత్రి మందుల స్టోరులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది కాబట్టి స్టోరమ్మ అయింది. ఉద్యోగం వదిలి నాలుగేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు. పెళ్ళి కాలేదు. ఎవరూ చెయ్యలేదనీ కాదు, ఆమె వద్దందనీ కాదు. చూద్దాంలే, చూద్దాంలే అనుకుంటూ ఉండగా చూడాల్సిన వయసు దాటిపోయింది. మంచం పట్టిన తల్లిని పద్నాలుగేళ్ళు చూసుకుంది. ఆ తల్లిది కోడి నిద్ర. చెంచా కిందపడితే లేచి కూర్చునేది. అందుకే స్టోరమ్మ చెయ్యి మెత్తబడింది. గిన్నె దించినా, కుర్చీ జరిపినా, తలుపు వేసినా చప్పుడుండదు. పక్కవాటాలో వాళ్ళు ఆమె ఇంట్లో ఉందో లేదో తెలియక, ఉన్న రోజు కూడా పాలవాడితో లేదని చెప్పి పంపేసేవారు.

పెట్టె వచ్చిన మర్నాడు తమ్ముడు భార్యతో సహా దిగాడు. ముందు గదిలో సగం ఆక్రమించి నిలబడ్డ దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"అక్కా, నీకేమైనా అయిందా? కావాలంటే నేను కొనిస్తాను కదా, రెండు తలుపులది. మంచు దానంతటదే కరిగిపోతుంది."

"వంటింట్లో ఉందిగా ఒకటి. నా ఒక్కదానికి అదే ఎక్కువ."

"మరి ఇదెందుకు?"

"చూసుకోడానికి."

"చూసుకోడానికైతే ఫొటో తీసి పెట్టుకుంటారు వదినా," అంది మరదలు. "గోడకు తగిలించుకోవచ్చు. నేల కూడా కలిసొస్తుంది."

తమ్ముడు పకపకా నవ్వాడు. స్టోరమ్మ కూడా ఓ చిరునవ్వు పెట్టి టీ కాచడానికి లేచింది. ఎందుకో చెప్పడం కష్టమేమీ కాదు. కానీ చెప్పాలంటే ఒక సాయంత్రం గురించి చెప్పాలి. ఆరేళ్ళుగా ఆమె ఎవరికీ చెప్పనిది ఆ ఒక్క సాయంత్రమే.

ఆ పెట్టె ఆమెకంటే ముందే ఆస్పత్రిలో చేరింది. చల్లగా ఉంచాల్సిన మందులన్నీ అందులోనే. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. లోపల నీళ్ళ గ్లాసులో నిలబెట్టిన గాజు థర్మామీటరు ఒకటి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రిజిస్టరులో రాయాలి. పొద్దుటి గడి స్టోరమ్మది. సాయంత్రం గడి కాంపౌండరుది. ఆమె డ్యూటీ దిగేవేళకు ఆయన ఎక్కేవాడు. మధ్యలో పది నిమిషాలు తాళాలు, లెక్కలు అప్పగించుకోవడం. ఇరవై తొమ్మిదేళ్ళ పరిచయమంతా ఆ పది నిమిషాల్లోనూ, ఆ రిజిస్టరులోనూ సాగింది.

రిజిస్టర్లలో రిమార్కులు అనే గడి ఒకటుంటుంది. ఓడ రేవుల్లో, రైలు గోదాముల్లో, జైళ్ళలో, బళ్ళలో ఎక్కడ చూసినా ఉంటుంది. గీసినవాడు ఏ నమ్మకంతో గీశాడో గాని, గుమాస్తా అన్నవాడు అందులో మనసు విప్పిన పాపాన పోలేదు. ఖాళీగా పుడుతుంది, ఖాళీగా చెదలు పడుతుంది. ఈ స్టోరులో మాత్రం అలా జరగలేదు. మొదలుపెట్టింది కాంపౌండరే. "సా. 5 డిగ్రీలు. వాన. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. పెట్టె కులాసా," అని రాశాడొక రోజు. మర్నాడు పొద్దున స్టోరమ్మ దాని కింద, "ఉ. 4. కిటికీ వెయ్యడం మరిచారు. పిల్లి వచ్చి వెళ్ళింది. మందులేమీ తాగలేదు," అని రాసింది. సాయంత్రానికి జవాబు: "సా. 4. పిల్లికి సంతకం నేర్పాలి."

అలా ఏళ్ళు గడిచాయి. ఆయన ఆమె రాసినదాని పక్కన చిన్న అక్షరాలతో "చూశాను" అని పెట్టేవాడు. ఆ మాట కోసం స్టోరమ్మ పొద్దున రెండు బస్సుల ముందే వచ్చేది. అంతకు మించి ఏమీ లేదు. ఆయనకు భార్య ఉండేది, తరవాత పోయింది. కూతురుంది. ఎదురుపడితే ఆయన మాట పొదుపు. ఆమె ఏదైనా అంటే తలూపి నవ్వేవాడు. కాగితం మీదే మనిషి.

ఒక్క విషయంలో ఇద్దరికీ పడేది కాదు. ఆయన తలుపు వేస్తే గోడలు అదిరేవి. భుజంతో ఒక్క తోపు తోసి, తరవాత పిడి పట్టుకుని రెండుసార్లు లాగి చూసేవాడు. "పాపం, దాన్నెందుకు అలా కొడతారు?" అనేది స్టోరమ్మ. "నాకు నమ్మకం తక్కువ," అనేవాడు. ఆమెకు ఆ అవసరం లేదు. అరచేత్తో మెల్లగా నెడితే చాలు, గడియ టక్ అనేది. ఆ చప్పుడు వింటే తలుపు పడినట్టే. చూడక్కర్లేదు, లాగక్కర్లేదు. చెవి చెబుతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆమెకు గుర్తొచ్చింది, కొత్తగా వచ్చిన మందుల్లో ఒక డబ్బా లెక్కపెట్టలేదని. ఏడింటికి మళ్ళీ వచ్చింది. కాంపౌండరు అప్పటికే పెట్టె చూసుకుని, గడిలో రాసి, వార్డులోకి వెళ్ళిపోయాడు. తన దగ్గరున్న తాళంతో స్టోరు తెరిచి, పెట్టె తీసి, డబ్బా లెక్కపెట్టి, తలుపు మెల్లగా నెట్టింది. టక్ అంది. రిజిస్టరులో రాయలేదు. ఉదయానికి గడి ఉంది, సాయంత్రానికి గడి ఉంది, ఏడింటికి వచ్చిన మనిషికి గడి లేదు.

మర్నాడు పొద్దున తలుపు వేలెడు తెరుచుకుని ఉంది. థర్మామీటరు పందొమ్మిది చూపించింది. ఆ రోజు సూదుల కోసం పిల్లల్నెత్తుకుని వరసలో నిలబడ్డ తల్లుల్ని వెనక్కి పంపేశారు.

కమిటీ వేశారు. ముగ్గురు పెద్దలు వచ్చి, రిజిస్టరు తిరగేసి, చివరిసారి తీసిందెవరని అడిగారు. కాగితం ప్రకారం కాంపౌండరే. ఆయన కాస్త ఆలోచించి, "నేనే. సరిగ్గా పడలేదేమో, గట్టిగా చెప్పలేను," అన్నాడు. స్టోరమ్మ ఆ గదిలోనే, ఆయనకు మూడడుగుల దూరంలో ఉంది. నోరు తెరిచింది. కమిటీలో ఒకాయన, "మీరేమైనా చెబుతారా?" అని కూడా అడిగాడు. "లేదండి," అంది.

ఆయన్ని ఊరవతల పాత రికార్డుల గదికి మార్చారు. అక్కడే ఏడాదిన్నర దుమ్ము మింగి రిటైరయ్యాడు. పెట్టెను కూడా ముసలిదైపోయిందని రాసేసి వెనక వరండాలో పడేశారు. ఆరేళ్ళు అక్కడే ఎండింది, తడిసింది. ఆరేళ్ళూ స్టోరమ్మ తనకు తాను ఒకటే చెప్పుకుంటూ వచ్చింది. తలుపు టక్ అంది. నేను విన్నాను. తప్పు పెట్టెది. ముసలి పెట్టె, చల్లదనం ఆగలేదు, లోపలి గాలి ఉబ్బి తలుపును తోసి ఉంటుంది. నా తప్పూ లేదు, ఆయన తప్పూ లేదు. మాట బాగానే ఉంది. రుజువు మాత్రం వరండాలో తుప్పు పడుతూ ఉంది. పాత సామాను అమ్మేస్తున్నారని తెలిసిన రోజున వెళ్ళి కొనుక్కొచ్చింది.

సంగతి ఇదీ. పెట్టె చల్లదనాన్ని నిలుపుకోలేకపోతే ఆమె తప్పులోంచి బయటపడినట్టు. నిలుపుకుంటే ఆమె చిక్కినట్టు.

పాత ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి కోసం ఆరా తీస్తే అందరూ ఒకే పేరు చెప్పారు: గ్యాసాయన. ఫ్రిజ్‌లలో గ్యాసు నింపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అంటాడు. కొడతాడు కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళు అంటారు. డెబ్బై దాటినవాడు. చెక్కపెట్టె చంకన పెట్టుకుని, మెట్టుకొకసారి ఆగి పైకొచ్చాడు. రాగానే పెట్టె వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టాలు తడిమి, ముక్కు పెట్టి వాసన చూశాడు.

"చెల్లెమ్మా, దీన్ని చేసినవాళ్ళకు వ్యాపారం చేతకాదు," అన్నాడు. "పాడవ్వకపోతే మళ్ళీ ఎవరు కొంటారు? అతుకులు చూడు, నిన్న వేసినట్టున్నాయి. గ్యాసు చుక్క కూడా పోలేదనుకుంటా. వైర్లు ఎలకలు తిన్నాయి. మోటారును లేపే రిలే తడిసి చచ్చింది. రబ్బరు అంచు కూడా కొత్తది వేసేస్తా."

"రబ్బరు వద్దు. ఆ రెండూ మార్చండి, మిగతాది ఏదీ ముట్టుకోకండి. ముందు ఉన్నది ఉన్నట్టు నడవాలి."

గ్యాసాయన తల పైకెత్తాడు. "నలభై ఏళ్ళ సర్వీసులో బాగుచెయ్యొద్దని బతిమాలిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

వైర్లు వేశాడు, రిలే వేశాడు. స్విచ్ నొక్కాడు. పెట్టె ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని, గొంతు సవరించుకుని, మెల్లగా గురక మొదలుపెట్టింది. స్టోరమ్మ గోడకు ఆనుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ గురక పక్కన కూర్చుని లెక్కలు రాసిన మనిషి. మళ్ళీ వినాల్సి వస్తుందని తెలుసు గాని, విన్నాక ఏమవుతుందో అనుకోలేదు.

"తలుపు ఊగులాడకుండా ముందు కాళ్ళ కింద చెక్కలు పెడుతున్నా," అన్నాడు గ్యాసాయన. "వెనక్కి వాలి ఉంటే తలుపు దానంతటదే మూసుకుని ఉంటుంది. నిలబడిందంటే అప్పుడు రంగు సంగతి చూద్దాం."

ఆ రాత్రి ఆమె ఒక పొడుగు నోటుబుక్కు తీసి నాలుగు గడులు గీసింది. తేదీ, ఉదయం, సాయంత్రం, రిమార్కులు. పెట్టెలో నీళ్ళ గ్లాసు పెట్టి, థర్మామీటరు నిలబెట్టింది. మర్నాడు పొద్దున నాలుగు. ఆ మర్నాడు నాలుగు. మూడో రోజు ఎండ మండిపోతున్నా అయిదు దాటలేదు. వారం గడిచింది. ముసలి రబ్బరు అంచుతో, ముసలి గోడలతో, ఆ పెట్టె ఆస్పత్రిలో ఎలా ఉండేదో ఇక్కడా అలాగే ఉంది. నిక్కచ్చిగా.

సాయంత్రం గడి ఖాళీగా వదిలేసింది. అది తనది కాదు. పెట్టెలో గ్లాసు తప్ప ఇంకేమీ లేదు. ఒకసారి పాలగిన్నె చేత్తో పట్టుకుని దాని ముందు నిలబడి, మళ్ళీ వంటింట్లోకి పట్టుకుపోయింది. మందుల పెట్టెలో తిండి వస్తువులు పెట్టకూడదని స్టోరు గోడ మీద ఎర్ర అక్షరాలతో ఉండేది, ఆమే రాయించింది. ఫోనులో తమ్ముడు, "ఏమక్కా, నీ మహారాజు ఏం మేస్తున్నాడు?" అని అడిగితే, "నీళ్ళు," అంది. అతనికి అది హాస్యంలా వినిపించింది.

మనకు చల్లదనం మంచి మాట. చల్లగా ఉండమని దీవిస్తాం. కడుపు చల్లగా అంటాం. చల్లని మనసు అంటాం. అదే నోటితో, పని తప్పించుకుపోయినవాణ్ణి చల్లగా జారుకున్నాడనీ అంటాం. ఒకే మాట, రెండు కొసలు. నాలుగు డిగ్రీలని రాసినప్పుడల్లా స్టోరమ్మకు ఆ రెండో కొస గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ పెట్టె మీదికి నెట్టిన తప్పు ఇల్లు వెతుక్కుంటూ తిరిగొచ్చి ముందు గదిలో గురక పెడుతోంది. పెట్టె మంచిదైతే తలుపు తెరిచి ఉంచింది మనిషి. మనిషి అంటే ఆయనా? భుజంతో తోసి, రెండుసార్లు లాగి చూసే మనిషా? కాదని ఆమెకు తెలుసు. కానీ తన చెవి? తన చెవి టక్ విన్నది కదా. ఆ ఒక్కటే తెగలేదు.

పదో రోజున గ్యాసాయన రంగు పనికి వచ్చాడు. వారం నుంచీ ఆమె గరుకు కాగితంతో తుప్పు గీకుతూనే ఉంది. వేళ్ళ చివర్లు ఎర్రబడ్డాయి. గీకిన చోట లోహం వెండిలా మెరిసింది. తలుపు బందు వెనక, వెలుతురు సోకనిచోట, అసలు మీగడ రంగు రూపాయంత మిగిలి ఉంది. అదే రంగు దుకాణంలో కలిపించి డబ్బా తెచ్చుకుంది. గ్యాసాయన పెట్టెను గోడ నుంచి లాగి, చెక్కలు తీసేసి, నేల మీద సమంగా నిలబెట్టాడు.

"టీ తాగి మొదలెడదాం," అన్నాడు. "తలుపు వేసెయ్యి చెల్లెమ్మా, చల్లదనం పోతుంది."

ఆమె అరచేత్తో మెల్లగా నెట్టింది. టక్.

టీ పోసుకుని కూర్చున్నారు. గ్యాసాయన ఒకప్పుడు ఓడలో పనిచేసినప్పటి కథ ఎత్తుకున్నాడు. ఓడంత ఫ్రిజ్‌లో గొర్రెలు వేలాడుతుంటే లోపల ఇరుక్కుపోయి, గొర్రెల లెక్క రెండుసార్లు తప్పి, మూడోసారి తనను కూడా కలిపి సరిపెట్టాడట. గ్యాసో నిజమో ఆయనకే తెలియాలి. కథ మధ్యలో స్టోరమ్మ కప్పు కింద పెట్టింది. ఆయన భుజం మీదుగా చూస్తోంది.

పెట్టె తలుపు వేలెడు తెరుచుకుని ఉంది.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అది చప్పుడు చెయ్యకుండా, ఎవరో మెల్లగా తొంగిచూస్తున్నట్టు తెరుచుకుంది.

"నేను వేశాను," అంది స్టోరమ్మ. "టక్ అంది. మీరూ విన్నారు."

"విన్నాను." గ్యాసాయన లేచి గడియ విప్పాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, దాని నాలుకను వేలితో ఆడించాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. మళ్ళీ మెల్లగా. "అద్గదీ సంగతి. స్ప్రింగు అరిగిపోయింది. మెల్లగా వేస్తే నాలుక గుంటలోకి దిగదు, అంచు మీద కూచుంటుంది. కూచునేటప్పుడు కూడా టక్ అంటుంది. లోపలి రబ్బరు తోస్తే కాసేపటికి జారిపోతుంది. గట్టిగా తోస్తే మాత్రం దిగుతుంది. దిగినా టక్కే, దిగకపోయినా టక్కే. అబద్ధమాడే నాలుక."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అరుగుదల చూస్తే పదేళ్ళ పైమాటే. నీ అదృష్టం, ఇన్నాళ్ళూ ఎవరో గట్టిగా వేసేవాళ్ళు ఉండి ఉంటారు."

పగలు స్టోరమ్మ వేసిన తలుపును గంటకోసారి ఎవరో ఒకరు తీసేవారు, మళ్ళీ వేసేవారు. రాత్రుళ్ళన్నీ ఆయనవి. ఇన్ని వేల రాత్రుళ్ళు ఆ మందుల్ని కాపాడింది ఆయన భుజం. ఒక్క రాత్రి ఆమె మెత్తటి చెయ్యి ఆఖరున పడింది.

"రెండు నిమిషాల పని, కొత్త స్ప్రింగు వేసేస్తా," అన్నాడు గ్యాసాయన.

"ఇప్పుడే వద్దు."

"అబద్ధమాడేదాన్ని ఇంట్లో పెట్టుకుంటావా?"

"నాతో పాటు," అంది స్టోరమ్మ. గ్యాసాయనకు అర్థం కాలేదు. బ్రష్షు తీసుకుని మీగడ రంగు వెయ్యడం మొదలుపెట్టాడు.

కాంపౌండరు ఇంటి గుర్తులు ఆస్పత్రి పాత బంట్రోతు చెప్పాడు. రెండు బస్సులు మారాలి. రంగు ఆరిన మర్నాడు నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. చెప్పాల్సిన మాటలు మొదటి బస్సులో ఒకలా, రెండో బస్సులో ఇంకోలా అమర్చుకుంది. మెట్లెక్కేసరికి రెండూ పోయాయి.

ఆయన కూతురు తలుపు తీసింది. నలభై ఏళ్ళ మనిషి, చేతికి సబ్బు నురగ.

"మీ నాన్నగారితో మందుల స్టోరులో పనిచేశాను."

"స్టోరమ్మగారా? రండి, రండి. పిల్లికి సంతకం నేర్పించిన స్టోరమ్మగారు. చిన్నప్పుడు అన్నం తినకపోతే మీ పిల్లి కథలే చెప్పేవారు." ఆమె చెయ్యి తుడుచుకుని కుర్చీ జరిపింది. "కూర్చోండి. నాన్న ఇప్పుడు తలుపుల డ్యూటీలో ఉన్నారు."

లోపలి గదిలో చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడు, తరవాత పిడి లాగిన చప్పుడు రెండుసార్లు. ఇంకో తలుపు. మళ్ళీ రెండుసార్లు.

"గంటకోసారి అంతే," అంది కూతురు గొంతు తగ్గించి. తగ్గించక్కర్లేదని మరుక్షణం తనే చెప్పింది. "వినపడదులెండి, అసలే వినపడదు ఇప్పుడు. స్టోరులో ఉన్నప్పట్నుంచే చెవులు మందం. ఉద్యోగం తీసేస్తారేమోనని ఎవరికీ తెలియనివ్వలేదు. మీకు కూడా చెప్పి ఉండరు. ఆ ఆస్పత్రి గొడవ తరవాత ఈ తలుపుల పిచ్చి పట్టుకుంది. ఫ్రిజ్ తలుపైతే రోజుకు ఇరవైసార్లు. అర్ధరాత్రి కూడా లేస్తారు. నా వల్లే పిల్లల మందులు పాడయ్యాయి అంటారు."

ఆయన కమిటీ ముందు తనను కాపాడాడేమోనని, తను మళ్ళీ వచ్చిన సంగతి తెలిసే నోరు మూసుకున్నాడేమోనని, ఆరేళ్ళలో స్టోరమ్మ ఎన్నోసార్లు అనుకుంది. అనుకుని సిగ్గుపడింది, లోలోపల కాస్త సంతోషపడింది కూడా. అదేమీ కాదు. గడియ చప్పుడు వినపడని మనిషి, తలుపు పడిందని ఒట్టేసి చెప్పలేకపోయాడు, అంతే. నిజమని నమ్మే ఒప్పుకున్నాడు. అంతే కాదు. మాట వినపడక కాగితం మీద మనిషయ్యాడు. ఆ రిమార్కుల్లో తన కోసం రాసింది ఎంతో, చెవి కోసం రాసింది ఎంతో ఇక తేలదు.

ఆయన వచ్చాడు. బాగా సన్నబడ్డాడు. ఆమెను చూసి గుమ్మంలో ఆగిపోయి, తలూపి నవ్వాడు. ఎప్పటి నవ్వే. ఎదురుగా కూర్చున్నాడు. స్టోరమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. నాలుగు గడులూ చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఆమె ఆ రోజు తేదీ వేసి, ఉదయం గడిలో 4 అని రాసి, రిమార్కుల గడిలో మొదలుపెట్టింది. గడి చాలలేదు. గీత దాటి, అంచు దాటి, తరవాతి పేజీలోకి వెళ్ళింది.

"ఆ రోజు మీరు పెట్టె చూసి వెళ్ళాక ఏడింటికి నేను మళ్ళీ వచ్చాను. ఒక డబ్బా లెక్కపెట్టడానికి. తలుపు తీసి వేశాను. టక్ అంది. రిజిస్టరులో రాయలేదు. గడియ స్ప్రింగు అరిగి ఉంది, మెల్లగా వేస్తే పడకుండానే టక్ అంటుంది. ఇప్పుడు తెలిసింది. మీరు వేసిన తలుపు పడింది. తెరుచుకున్నది నేను వేసిన తలుపు. కమిటీ అడిగినప్పుడు నేను చెప్పలేదు."

ఆయన వేలు పెట్టి చదివాడు. చివరికి వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళాడు. కూతురు వెనక నిలబడి చదివింది. చదివాక, స్టోరమ్మ సగం తాగిన టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఆయన తలెత్తాడు. వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఇల్లంతా వినపడేలా అడిగాడు.

"ఆ గడియ టక్ అంటుందా?"

స్టోరమ్మ తలూపింది.

"నాకు తెలియదు," అన్నాడు. కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "ఆరేళ్ళు. ఈ ఇంట్లో ఉన్నవి తొమ్మిది తలుపులు స్టోరమ్మగారూ."

ఆమె రాయడానికి కలం ఎత్తింది. ఆయన ఆమె చేతిలోంచి కలం తీసుకున్నాడు. ఆమె రాసినదాని కింద, ఎప్పటి చిన్న అక్షరాలతో, "చూశాను" అని రాశాడు.

ఆమె సాయంత్రం గడి మీద వేలు పెట్టి చూపించింది. ఎందుకు చూపించిందో ఆమెకే తెలియదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను అక్కడ లేనుగా," అన్నాడు. "కళ్ళతో చూడనిది ఎలా రాస్తాను?"

పుస్తకం మూసి ఇచ్చేశాడు. మళ్ళీ రమ్మని అనలేదు. రావద్దనీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి ఆమెను సాగనంపి తలుపు వేశాడు. స్టోరమ్మ మెట్ల మీద ఆగిపోయింది. పిడి లాగే చప్పుడు కోసం చెవి పెట్టింది. ఒకటి, రెండు లెక్కపెట్టుకుంది. పది దాకా లెక్కపెట్టింది. రాలేదు. తరవాత ఆయన అడుగులు లోపలికి వెళ్ళిపోవడం వినపడింది.

రెండు బస్సులు మారి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. ముందు గదిలో పెట్టె మీగడ రంగులో కొత్త పెళ్ళికొడుకులా నిలబడి గురక పెడుతోంది. చెక్కలు ఇంకా వెయ్యలేదు. పొద్దున వెళ్తూ తలుపుకు ఆనించిన కుర్చీ అలాగే ఉంది. స్టోరమ్మ సంచి కింద పెట్టి, కుర్చీ జరిపి, తలుపు తెరిచి, థర్మామీటరు చూసింది. అయిదు. సాయంత్రం గడి జోలికి పోలేదు. తలుపును అరచేత్తో, అలవాటుగా, మెల్లగా నెట్టింది. టక్ అంది.

ఆమె వెళ్ళిపోలేదు. భుజం ఆనించి గట్టిగా తోసింది. పిడి పట్టుకుని లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది.